ఎగిరే సీనులో నేల ఎక్కడుంది?

(సినిమా విద్యార్థుల వర్క్‌షాపులో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అక్కడక్కడా సరిచేసి రాసింది.)

అందరికీ నమస్కారం.

మొదట ఒక చిన్న పని చేద్దాం. అందరూ కళ్లు మూసుకోండి. చిన్నప్పుడు ఉయ్యాల ఊగింది గుర్తు తెచ్చుకోండి. వెనకనుంచి ఎవరో గట్టిగా తోశారు. ఉయ్యాల పైకంటా వెళ్లింది. మళ్లీ కిందికి వచ్చే ముందు అక్కడ ఒక్క క్షణం ఆగినట్టు ఉంటుంది చూడండి, తాడు కాస్త వదులవుతుంది, కడుపులో ఏదో ఖాళీ అయినట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత గాలి మొహాన కొడుతుంటే జర్రున కిందికి వచ్చేస్తాం.

ఇక కళ్లు తెరవండి. ఆ మొత్తంలో మీకు బాగా గుర్తున్నది ఏది? వేగంగా పోయిందా, పైన ఆగిందా? చాలామంది చెయ్యి కడుపు మీదికి పోయింది, చూశాను. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ కడుపులో ఖాళీ గురించే. ఫాంటసీ సినిమాలో ఎవరైనా గాల్లోకి లేచినప్పుడు, కదలని సీటులో కూర్చున్న మనిషికి ఆ ఖాళీ ఎలా తెప్పించాలి? అది వచ్చాక కళ్లల్లో నీళ్లు కూడా ఎందుకొస్తాయి?

నేను పద్దెనిమిదేళ్లుగా యానిమేషన్, సీజీ (కంప్యూటర్‌తో బొమ్మలు చేసే) పనిలో ఉన్నాను. చేరిన కొత్తలో నాకు ఒక రెక్కల గుర్రం షాటు ఇచ్చారు. మూడు వారాలు దాని మీదే కూర్చున్నాను. ఈకలు ఒక్కొక్కటీ గాలికి వణికేలా చేశాను, జూలు మీద ఎండ మెరిసేలా చేశాను. వేగం చాలట్లేదనిపిస్తే పెంచాను. అయినా చాలట్లేదని ఇంకా పెంచాను. డైరెక్టర్ గారు వచ్చి రెండుసార్లు చూశారు. "చాలా అందంగా ఉందమ్మా. కానీ గుర్రం ఎగరట్లేదు, జరుగుతోంది" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎగరడానికీ జరగడానికీ తేడా ఏమిటి? ఇప్పటికీ కొత్త షాటు చేతికి వచ్చిన ప్రతిసారీ ముందు ఆ ప్రశ్నే వేసుకుంటాను.

నా షాటులో తప్పేమిటో చాలా రోజులకి గానీ అర్థం కాలేదు. ఫ్రేములో గుర్రం ఉంది, దాని వెనక నీలాకాశం ఉంది. ఇంకేమీ లేదు. నీలం రంగు ముందు గుర్రం గంటకి పది కిలోమీటర్లు పోయినా, వెయ్యి పోయినా కంటికి ఒకటే. నేల లేదు, కొండ లేదు, మబ్బు తునక లేదు. దేన్ని వదిలి పైకి లేచిందో తెలియకపోతే అది పైకి లేచినట్టే కాదు.

సినిమావాళ్లకి ఈ సంగతి దాదాపు వందేళ్ల క్రితమే తెలుసు. 1927లో 'వింగ్స్' అనే మూకీ సినిమా వచ్చింది. ఉత్తమ చిత్రంగా మొట్టమొదటి ఆస్కార్ అందుకున్నది అదే. అది ఫాంటసీ కాదు, యుద్ధ విమానాల కథ. దర్శకుడు విలియం వెల్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా విమానం నడిపినవాడు. షూటింగ్‌కి విమానాలు సిద్ధం, పైలట్లు సిద్ధం, కెమెరాలు సిద్ధం. ఆకాశం చూస్తే మబ్బు లేకుండా నిర్మలంగా ఉంది. ఇంకొకరైతే ఎంత మంచి వాతావరణమో అని మొదలుపెట్టేసేవారు. ఆయన మబ్బులు వచ్చేదాకా తియ్యనని కూర్చున్నాడు. రోజుల తరబడి యూనిట్ మొత్తం ఆకాశం చూస్తూ కూర్చుంది. స్టూడియోవాళ్లు కంగారుపడ్డా ఆయన కదల్లేదు. నడిపినవాడు కాబట్టి ఆయనకి తెలుసు: మబ్బు పక్కనుంచి దూసుకుపోతేనే విమానం వేగం కంటికి అందుతుంది.

మీరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు చూసే ఉంటారు. రోడ్డు పక్క చెట్లు గిర్రున వెనక్కి పోతాయి, దూరాన కొండ నెమ్మదిగా జరుగుతుంది, చందమామ అయితే మనతోపాటే వస్తాడు. దగ్గరివీ దూరపువీ వేరువేరు వేగాల్లో కదులుతుంటేనే మెదడు 'నేను పోతున్నాను' అని నమ్ముతుంది. అందుకే ఎంత పైకి తీసుకెళ్తే అంత థ్రిల్ అనుకోకండి. పదివేల అడుగుల ఎత్తులో అన్నీ చందమామలే, ఏదీ గిర్రున తిరగదు. నీటికి జానెడు ఎత్తులో, కాలి వేలు తగిలి చెరువు మీద సన్నటి గీత పడే షాటు తీయండి, హాలు మొత్తం ఊపిరి బిగబడుతుంది.

కంటి తర్వాత చెవి. శబ్దం సంగతి తర్వాత చెప్తాను, ముందు చెవి లోపలి సంగతి. మన లోపలి చెవిలో మూడు అర్ధవృత్తాకార నాళాలు ఉంటాయి. తల తిరిగితే పసిగట్టేవి అవి. వాటి పక్కనే సన్నటి స్ఫటికాలున్న రెండు చిన్న సంచులు ఉంటాయి. ముందుకో పైకో కిందికో మన వేగం మారితే చెప్పేవి ఇవి. మారితే అంటున్నాను, గమనించండి. విమానం గంటకి 900 కిలోమీటర్ల వేగంతో ఒకే తీరుగా పోతుంటే మీరు హాయిగా కాఫీ తాగుతారు. అదే విమానం రెండు సెకన్లు ఉన్నట్టుండి కిందికి జారితే సీటు చేతులు గట్టిగా పట్టుకుంటారు. మన ఒంటికి వేగం తెలియదు, వేగంలో మార్పే తెలుస్తుంది.

మరి థియేటర్లో సీటు కదలదు కదా? అక్కడే కన్ను సాయానికి వస్తుంది. స్టేషన్లో పక్క రైలు కదిలితే మన రైలే కదిలిందనుకుని ఉలిక్కిపడతాం. కన్ను గట్టిగా చెబితే ఒళ్లు కూడా నమ్మేస్తుంది, పెద్ద తెర అయితే ఇంకా గట్టిగా నమ్ముతుంది. కాబట్టి కన్ను చెప్పే మాట నిజంగా ఉండాలి. ఆధారం లేకుండా పడిపోయే వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లే పడుతుంది. రెండో సెకను అయ్యేసరికి దాదాపు 20 మీటర్లు, మూడో సెకనుకి 44. ఆ మొదటి సెకను చూడండి, దాదాపు గాల్లో ఆగినట్టే ఉంటుంది. ఉయ్యాల పైన ఆగిన క్షణం అదే. కొత్తగా చేసేవాళ్లు దాన్ని మింగేస్తారు, నేనూ మింగాను. పాత్ర చెయ్యి జారగానే రాయి విసిరినట్టు పూర్తి వేగంతో కిందికి పంపిస్తాం. దాంతో కడుపులో ఖాళీ రాదు. 'అయ్యో' అనుకోవడానికి ఒక్క సెకను కూడా ఇవ్వకుండా తోసేస్తే ప్రేక్షకుడు దేనికి భయపడాలి?

పైకి లేవడం దగ్గర ఇంకాస్త ఆగాలి. నాకు తెలిసిన ఎగిరే సీన్లన్నిటిలోకీ గొప్పదాన్ని ఏ కెమెరా తియ్యలేదు. సుందరకాండ మొదటి సర్గ చదవండి. హనుమంతుడు మహేంద్రగిరి మీద నిలబడ్డాడు. వాల్మీకి ఆయన్ని వెంటనే ఎగరనివ్వడు. చేతులు ఇనప కడ్డీల్లా బిగించాడంటాడు. నడుము కుదించాడంటాడు. కాళ్లు ముడిచాడంటాడు. ఒళ్లు విదిల్చి రోమాలు దులిపాడు, చెవులు వెనక్కి మడిచాడు. చెవులు! పిల్లి గోడ మీదికి దూకే ముందు ఎప్పుడైనా దాని చెవులు చూశారా? దీన్నే మనం యానిమేషన్ క్లాసులో యాంటిసిపేషన్ అని నేర్పుతాం. పైకి పోవాలంటే ముందు కిందికి కుంగాలి.

ఆయన కుంగితే కొండ ఏమైందో కూడా చెబుతాడు. రాళ్ల మధ్యనుంచి నీళ్లు ఊటలా కారాయి. చెట్ల పూలన్నీ రాలి కొండంతా పూలకొండ అయిపోయింది. గుహల్లో జంతువులు గగ్గోలు పెట్టాయి. ఇంతవరకూ హనుమంతుడు నేల మీదే ఉన్నాడు! మనకి మాత్రం ఆయన బరువెంతో, బలమెంతో పూర్తిగా తెలిసిపోయింది.

అప్పుడు లేస్తాడు. ఆ ఊపుకి చెట్లు వేళ్లతో సహా లేచి కాసేపు ఆయన వెంట వస్తాయి. దూర ప్రయాణం పోతున్న మనిషిని చుట్టాలు కొంత దూరం సాగనంపినట్టు అంటాడు కవి. ఆ పోలిక చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. భీకరమైన వేగం మధ్యలో వీడ్కోలు పెట్టాడు. ఆ తర్వాత ఏమవుతుందంటే, బరువైన చెట్లు ముందు సముద్రంలో మునిగిపోతాయి, తేలికైన పూలు మెల్లగా నీళ్ల మీద రాలతాయి. ఏది ఎప్పుడు పడాలో కూడా లెక్క తప్పలేదు. సముద్రం మీద ఆయన నీడ పది యోజనాల వెడల్పు, ముప్పై యోజనాల పొడవు పరుచుకుంటుంది. నీడ ఎందుకు? పైన ఉన్నవాడికి కింద సముద్రంతో ఉన్న సంబంధం అదొక్కటే కాబట్టి. పైన ఎగిరే ఏ పాత్రకైనా కింద నేల మీద పరుగెత్తే నీడ ఒకటి వెయ్యండి. షాటు అప్పటికప్పుడు ప్రాణం పోసుకుంటుంది. నా రెక్కల గుర్రాన్ని చివరికి కాపాడింది కూడా వరిపైరు మీద పరుగెత్తిన నీడే.

రోప్ షాట్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. నడుము దగ్గర తాడు కట్టి లాగితే మనిషి మూటలా వేలాడతాడు. చూసేవాళ్లు ముందు కనిపెట్టేది పాదాల్ని. పాదాలు నిర్జీవంగా వేలాడాయంటే ఎంత పెద్ద బడ్జెట్ అయినా కాపాడలేదు. నటుడు కాలి మడమ నుంచి మెడ దాకా ఒక దిక్కుకి సాగాలి, మలుపు తిరిగేటప్పుడు ముందు చూపు తిరగాలి, తర్వాత భుజం, ఆ తర్వాత ఒళ్లు.

ఇక రెండో ప్రశ్న. కళ్లల్లో నీళ్లు ఎందుకొస్తాయి?

1978 నాటి 'సూపర్‌మేన్' తీసుకోండి. అప్పటికి కంప్యూటర్‌తో మనిషిని ఎగరేయడం లేదు. జోరన్ పెరిసిక్ అనే నిపుణుడు ఒక పద్ధతి కనిపెట్టాడు. వెనక తెర మీద ఆకాశం వేసే ప్రొజెక్టరుకీ, ముందున్న కెమెరాకీ జూమ్ లెన్సులు పెట్టి రెండిటినీ ఒకేసారి కదిలించాడు. దాంతో వెనక దృశ్యం సైజు మారదు, కదలకుండా ఉన్న నటుడు మాత్రం మన మీదికి దూసుకొచ్చినట్టు కనిపిస్తాడు. ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. ఇవాళ ఆ టెక్నిక్ పాతబడింది, అంచులు కనిపిస్తాయి. అయినా రాత్రి నగరం మీద సూపర్‌మేన్, అతను ప్రేమించే లోయిస్ లేన్ కలిసి ఎగిరే సీన్ ఇప్పటికీ పని చేస్తుంది. ఎందుకంటే అక్కడ ఎగరలేని మనిషి ఒకరున్నారు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఉంది. ఆ చెయ్యే ఆమెకి నేల. ఒక దశలో పట్టు జారిపోతుంది, ఆమె పడిపోతుంది, అతను వచ్చి అందుకుంటాడు. అన్నీ చెయ్యగలవాడు ఒంటరిగా ఎగిరితే మనం చప్పట్లు కొడతాం. పక్కన ఎగరలేని మనిషిని పెట్టండి, మనం కూడా చెయ్యి చాపుతాం.

నేను క్లాసులో ఎక్కువసార్లు చూపించే సీన్ 2010లో వచ్చిన 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్' లోది. కుర్రవాడు డ్రాగన్‌ని పడగొట్టినప్పుడు దాని తోక రెక్కలో ఒక పక్క పోయింది. ఇక అది ఎగరలేదు. వాడే ఒక కృత్రిమ రెక్క చేసి, కాలితో నొక్కితే తెరుచుకునేలా అమర్చాడు. అంటే వాడు లేకుండా అది ఎగరలేదు, అది లేకుండా వాడు అసలే ఎగరలేడు. సీన్ మొదలయ్యే ముందే ఇద్దరి ప్రాణాలూ ఒక మడమ కింద ఉన్నాయి.

వాడి దగ్గర ఒక కాగితం ఉంటుంది. ఏ మలుపుకి రెక్క ఏ స్థితిలో పెట్టాలో గీసుకున్న చీటీ. పరీక్షకి తెచ్చుకున్న కాపీ చీటీ లాంటిది. మొదట్లో వాడు దాన్ని చూసి నొక్కుతాడు, ఆలస్యమవుతుంది, పోయి రాతి స్తంభాలకి గుద్దుకుంటారు. డ్రాగన్ చెవితో వాణ్ణి ఒక్కటి వేస్తుంది. ఇక్కడ మనం నవ్వుతాం. నవ్వితే ఒళ్లు వదులవుతుంది, రాబోయే దెబ్బకి మనం సిద్ధంగా ఉండం. తర్వాత నిట్టనిలువుగా పైకి పోతారు. గాలికి చీటీ ఊడిపోతుంది. వాడు దాన్ని అందుకుంటాడు గానీ ఆ ఊపులో కట్టు ఊడి జీను నుంచి విడిపోతాడు. ఆ శిఖరం మీద, ఉయ్యాల ఆగిన చోట, ఇద్దరూ విడిపోతారు! తర్వాత ఇద్దరూ వేరువేరుగా గిరగిరా తిరుగుతూ పడిపోవడం. వాడు ఎలాగో మళ్లీ జీను అందుకునేసరికి ఎదురుగా పొగమంచులో రాళ్ల గుంపు. చీటీ చూడబోతాడు. చూసే టైము లేదు. అప్పుడు దాన్ని గాలికి వదిలేస్తాడు.

ఆ సీన్ మొత్తానికి గుండె ఆ కాగితం వదిలెయ్యడమే. ఆ తర్వాత వాడు ఆలోచించడు, రెండు ఒళ్లు ఒక్కటై ఆ రాళ్ల సందుల్లోనుంచి దూసుకుపోతాయి, సంగీతం ఉవ్వెత్తున లేస్తుంది. మనకి కన్నీళ్లొచ్చేది అక్కడ. కొండలు అందంగా ఉన్నాయని కాదు. ఎప్పుడూ పనికిరానివాడు అనిపించుకున్న పిల్లవాడు తనని తాను నమ్మాడు, అదీ తను గాయపరిచిన ప్రాణి వీపు మీద కూర్చుని. ఆ సినిమాకి రోజర్ డీకిన్స్ అనే గొప్ప సినిమాటోగ్రాఫర్ విజువల్ కన్సల్టెంట్‌గా పని చేశారు. బొమ్మల సినిమా అయినా వెలుగూ కెమెరా నిజంగా అక్కడ ఉన్నట్టే అనిపిస్తాయి.

నేలంటే మట్టి ఒక్కటే కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. పాత్రని కిందికి లాగుతున్నది ఏదైనా నేలే. భయం, అవమానం, అనుమానం, ఒంటరితనం. మళ్లీ హనుమంతుడి దగ్గరికే వెళ్దాం. సముద్రం ఒడ్డున వానరులంతా ఎవరెంత దూకగలరో చెప్పుకుంటున్నారు. అంగదుడు నూరు యోజనాలూ దూకగలను గానీ తిరిగి రాగలనో లేదో అన్నాడు. హనుమంతుడు ఒక పక్కన మాట్లాడకుండా కూర్చున్నాడు. జాంబవంతుడు వచ్చి, నువ్వెవరివో గుర్తు చేసుకోమన్నాడు. ఆ మౌనం లేకపోతే ఆ దూకుడుకి అంత ఊపు ఎక్కడిది?

జపాన్ యానిమేషన్ దర్శకుడు మియాజాకీ 1989లో తీసిన 'కికీస్ డెలివరీ సర్వీస్'లో పదమూడేళ్ల మంత్రగత్తె పిల్లకి మనసు బాగోక ఎగరడమే పోతుంది. చివర్లో స్నేహితుణ్ణి కాపాడ్డానికి వీధి ఊడ్చే ఆయన దగ్గర బ్రష్ అడిగి తీసుకుని లేస్తుంది. అందంగా ఎగరదు. తూలుతుంది, గోడలకి తగులుతుంది, బ్రష్ మాట వినదు. సినిమా మొత్తంలో ఆ పిల్ల అన్నిటికన్నా వికారంగా ఎగిరేది అప్పుడే, మనం సీటు అంచుకి వచ్చేదీ అప్పుడే. కాబట్టి మీ పాత్రని మరీ నున్నగా ఎగరేయకండి. కష్టపడనివ్వండి.

ఇక శబ్దం. గాలి హోరు పెట్టడం అందరికీ తెలుసు. ఆపడం కొంతమందికే తెలుసు. మబ్బుల్ని చీల్చుకుని పైకి వచ్చాక హోరు మొత్తం తీసేసి, పాత్ర ఊపిరి ఒక్కటే వినిపించనివ్వండి. నేల ఎంత దూరమైపోయిందో ఆ నిశ్శబ్దం చెబుతుంది. సంగీతం గురించి ఒక నిజం చెప్తాను. 1982లో వచ్చిన 'ఈ.టీ.' చివరి ఘట్టానికి జాన్ విలియమ్స్ సంగీతం రికార్డు చేస్తున్నారు. పిల్లలు సైకిళ్ల మీద గాల్లోకి లేచేది ఆ ఘట్టంలోనే. తెర మీద బొమ్మకి ఆర్కెస్ట్రాని కచ్చితంగా కలపడం కుదరట్లేదు. దర్శకుడు స్పీల్‌బర్గ్ బొమ్మ ఆపేసి, కచేరీలో వాయించినట్టు మీకు తోచినట్టు వాయించండి అన్నారు. తర్వాత ఆ సంగీతానికి తగ్గట్టు సినిమానే మళ్లీ ఎడిట్ చేశారు. ఎగిరే సీనుని పాటలా ఊపిరి తీసుకోనివ్వాలని ఆయనకి తెలుసు.

ప్రశ్నలు అడగొచ్చు. వెనక వరసలో అమ్మాయి, చెప్పండి.

(ఒక విద్యార్థిని: ఎగిరే సీన్ ఎక్కడ ముగించాలి మేడమ్?)

మంచి ప్రశ్న, నేను మర్చిపోయాను. దిగడం దగ్గర. చాలా సినిమాల్లో గాల్లో ఉండగానే కట్ చేసి తర్వాతి సీనుకి పోతారు. అలా చేస్తే ఆ సీన్ కలలా కరిగిపోతుంది. దింపండి. పాదం నేలని తాకినప్పుడు మోకాళ్లు వణకాలి, ఒక అడుగు తడబడాలి, జుట్టు చిందరవందరగా ఉండాలి, చెవుల్లో హోరు ఇంకా తగ్గకూడదు. ఎదురుగా ఉన్నవాళ్లు ఏదో అడుగుతారు, వినిపించదు. కాసేపు ఆ మొహం మీదే ఉండండి. పది నిమిషాల క్రితం అదే చోట నిలబడిన మనిషీ ఈ మనిషీ ఒకరేనా అని మనం వెతుక్కుంటాం.

సరే, ఇప్పుడు లైట్లు ఆర్పండి. ఆ డ్రాగన్ సీన్ రెండుసార్లు చూద్దాం. మొదటిసారి శబ్దం పూర్తిగా ఆపేసి. ఎవరి చెయ్యి ఎప్పుడు కడుపు మీదికి పోతుందో పక్కవాళ్లు గమనించండి.